బుల్లెమ్మ కదలని రోజు

నా దగ్గరికి బొమ్మల పని నేర్చుకుందామని వచ్చే కుర్రవాళ్లు కాసేపు కూర్చోగానే అడిగే ప్రశ్న ఒకటుంది. "మీరు చెక్కిన వాటిలో మీకు బాగా నచ్చిన బొమ్మ ఏదండీ?" అంటారు. ఏనుగు అంటాననో, నెమలి అంటాననో వాళ్ల ఊహ. నేను మాట దాటేసి, మా ఆవిడను మజ్జిగ తెమ్మంటాను. ఇప్పుడు చేతికి వణుకు వచ్చి ఉలి పక్కన పెట్టేశాను. ఇంకా దాటేస్తూ కూర్చోవడంలో అర్థం లేదనిపించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఇందులో మనుషుల పేర్లు రాయను. ఉన్నవాళ్లు నొచ్చుకుంటారు, పోయినవాళ్లు తమ తరఫున చెప్పుకోలేరు. పిల్లి పేరు మాత్రం రాస్తాను. దాని పేరు బుల్లెమ్మ.

గోదావరి మీద రైలు వంతెన ఇంకా రాని రోజులవి. రాజమహేంద్రవరంలో రేవుకు దగ్గరగా ఒక సందులో పుస్తకాలు వేసే మా అచ్చుకూటం ఉండేది. నేను పుట్టింది పాలకొల్లు వైపు, బట్టల మీద అద్దకానికి చెక్క అచ్చులు చెక్కే ఇంట్లో. ఇంగ్లండు నుంచి సీమ బట్ట వచ్చి పడ్డాక మా అద్దకాలు అడిగేవాళ్లు కరువయ్యారు. లతలూ మామిడిపిందెలూ తప్ప మరొకటి ఎరగని చేతులతో పట్నానికి వస్తే, అచ్చుకూటం యజమాని గారు నన్ను ఎగాదిగా చూసి, "జంతువులను చెక్కగలవా?" అని అడిగారు.

"పెంచగలనండి. పెంచినదాన్ని చెక్కడం ఎంతసేపు?" అన్నాను. వయసులో ఉన్నవాడి పొగరు. ఆయన నవ్వి పనిలో పెట్టుకున్నారు.

ఆయనకో పెద్ద ఆశ ఉండేది. బడిపిల్లలకు బొమ్మల వాచకం వెయ్యాలి. అక్షరానికో జంతువో పక్షో ఉండాలి, కింద ఒక్క చిన్న వాక్యం. అప్పట్లో మన పిల్లలకు దొరికే పుస్తకాల్లో బొమ్మలుంటే అవి సీమ నుంచి వచ్చినవే. దసరా వెళ్లాక బళ్ల ఇన్‌స్పెక్టరు దొర వచ్చి చూసి, బాగుందంటే పుస్తకం బళ్లన్నిటికీ వెళుతుంది. కాదంటే అచ్చుకూటం మూసేసి బియ్యం వ్యాపారం చూసుకుంటానని యజమాని గారు ఉన్న మాట ఉన్నట్టు మా అందరికీ చెప్పేశారు.

మా ఇంట్లో అప్పటికే ఒక చిలుక, రెక్క విరిగిన కొంగ, గూట్లోంచి జారిపడితే దూదితో పాలు పట్టి బతికించిన ఉడుత, కాలువ గట్టున దొరికిన తాబేలు ఉండేవి. ఈ పని దొరికాక ముంగిస కూడా వచ్చి చేరింది. మా ఆవిడ ఇరుగుపొరుగు వాళ్లతో, "ఇల్లు వాటిదేనండి, మేం అద్దెకుంటున్నాం" అనేది. పొద్దున్నే లేచి వాటికి మేత పెట్టడం, వాటి ముందు కాయితం పట్టుకు కూర్చోవడం, అవి కదిలిపోతే తిట్టుకోవడం, ఇదీ నా నిత్యకృత్యం. జంతువు అన్నది గీసేవాడి సౌకర్యం చూడదు. చిలుక నా పెన్సిలు కొరికి పారేసేది. ఉడుత తోక గీస్తుండగానే ఉడుత దూలం మీద ఉండేది. బుద్ధిగా కూర్చునేది తాబేలు ఒక్కటే గాని, నేను కాయితం తియ్యగానే తల లోపలికి లాక్కునేది. చివరికి అలాగే చెక్కితే మా పంతులు గారు అచ్చు చూసి, "ఇది తాబేలా, సాలగ్రామమా?" అన్నారు.

పంతులు గారంటే పుస్తకానికి వాక్యాలు రాసే ఆయన. మంచి పండితుడు, మంచి మనిషి. శకునాల పిచ్చి మాత్రం జాస్తి.

ఊళ్లో నాకు చిన్నపాటి పేరు కూడా వచ్చింది. మేక మేత ముట్టకపోయినా, పావురం మెడ వాల్చినా నా దగ్గరికే తెచ్చేవారు. నాకు వైద్యం తెలియదు. కానీ ఏ జంతువునైనా చూడగానే దానికి ఎక్కడ బాధగా ఉందో చెప్పగలనని నా మీద నాకు గట్టి నమ్మకం. చూడటమే కదా నా వృత్తి అనుకునేవాణ్ణి. చాలాసార్లు చెప్పగలిగాను కూడా. అదే నన్ను పాడు చేసింది.

అచ్చుకూటంలో ఇనప యంత్రం ఒకటే ఉండేది. దాని బారు లాగి కాయితం మీద అచ్చు దించే మనిషిని నేను బాబాయ్ అనేవాణ్ణి. గోదావరిలో వల వేసే కుటుంబంలో పుట్టినవాడు. వల లాగి లాగి గట్టిపడ్డ చేతులు, బారు లాగడానికి సరిగ్గా సరిపోయాయి. భార్య పోయింది, పిల్లలు కలగలేదు. రేవు పక్కన పాకలో ఒక్కడే ఉండేవాడు. ఒక్కడే అంటే ఒప్పుకునేవాడు కాదు. "నేనూ మా బుల్లెమ్మానండి" అనేవాడు.

బుల్లెమ్మ బూడిదరంగు చారల పిల్లి. ఎడమ చెవి కొస ఎప్పుడో ఏ కుక్కతోనో పోట్లాడి పోగొట్టుకుంది. పడవలో సరుకుల మధ్య ఎక్కడి నుంచో వచ్చి రేవులో దిగి, బాబాయ్ పాకలో చేపల పులుసు వాసన పట్టుకుని అక్కడే ఉండిపోయింది. పొద్దున్న ఆయన వెనకే అచ్చుకూటానికి వచ్చేది, సాయంత్రం ఆయన వెనకే వెళ్లేది. మధ్యాహ్నం ఆయన అన్నం మూట విప్పేసరికి ఎక్కడున్నా వచ్చి వాలేది. చేపముక్కలో మంచి భాగం దానికి పోయేది, ముల్లు ఆయనకు మిగిలేది.

పంతులు గారికి అదంటే హడలు. పొద్దున్నే ఆయన సందు మొదట్లో నిలబడి, "ఒరేయ్, మీ పిల్లి ఎక్కడుందో చూడు, నేను లోపలికి రావాలి!" అని కేకేసేవారు. బాబాయ్ దాన్ని ఎత్తుకుని, "పట్టుకున్నానండి, రండి" అనేవాడు. ఒక్కోసారి అది చెయ్యి జారి సరిగ్గా ఆయన ముందు నుంచే పరిగెత్తేది. పంతులు గారు తిరిగి ఇంటికి వెళ్లి, కాళ్లు కడుక్కుని, మంచినీళ్లు తాగి మళ్లీ వచ్చేవారు. ఆరోజు వాక్యాలు ఆలస్యమయ్యేవి.

అచ్చుకూటంలో పిల్లి ఎందుకంటారా? అక్షరాల మీద సిరా పూసే రోలరు కోసం. ఈ రోజుల్లో పనిచేసేవాళ్లకు తెలియకపోవచ్చు, అప్పుడు రోలర్లు మేమే పోసుకునేవాళ్లం. తోలు మరిగించి తీసిన వజ్రం బంకను నానబెట్టి కరిగించి, అందులో బెల్లం కలిపి పాకం పట్టి, గొట్టంలో పోస్తే చల్లారాక మెత్తగా, సాగుతూ రోలరు తయారవుతుంది. ఎండాకాలం వజ్రం పెంచాలి, వానాకాలం బెల్లం తగ్గించాలి. బాబాయ్ పాకాన్ని రెండు వేళ్ల మధ్య తీసి చూసి చెప్పేసేవాడు. అరిగిన రోలరును, ఎలుకలు కొరికిన ముక్కలను పారేసేవాళ్లం కాదు. మూలనున్న కుండలో వేసి ఉంచి, తర్వాతసారి పాకంలో కలిపి కరిగించేవాళ్లం. ఏ అచ్చుకూటంలోనైనా అదే పద్ధతి.

బెల్లమూ తోలు బంకా కలిసిన వస్తువును ఎలుకలు వదులుతాయా? అందుకని పిల్లి. పాకం పోసిన రోజున గిన్నె అడుగున మిగిలిన మాడు గోకి చల్లార్చి బుల్లెమ్మకు పెట్టేవాడు బాబాయ్. దానికి బెల్లం అక్కర్లేదు, వజ్రం వాసన కావాలి. ఆయన వేళ్లు కూడా నాకి శుభ్రం చేసేది.

పుస్తకంలో పిల్లి బొమ్మకు నా మనసులో మొదటి నుంచీ బుల్లెమ్మే ఉంది. యజమాని గారు సీమ పుస్తకం ఒకటి తెచ్చి, మెడలో పట్టు రిబ్బను కట్టుకుని దిండు మీద కూర్చున్న పిల్లిని చూపించి, "దీన్ని దించేస్తే సరిపోతుంది కదయ్యా" అన్నారు.

"మన పిల్లలు ఇలాంటి పిల్లిని ఎక్కడ చూశారండీ? దొరసాని అనుకుంటారు" అన్నాను.

"చెవి తెగిన పిల్లిని వాచకంలో పెడతావా? పొద్దున్నే పుస్తకం తెరిస్తే ఇదా ఎదురయ్యేది?" అని పంతులు గారు అడ్డం తిరిగారు. చివరికి యజమాని గారు విసిగిపోయి, బాగా కుదిరితే బుల్లెమ్మే ఉండనీ, లేకపోతే దొరసానే అని తీర్పు చెప్పారు. బాబాయ్ ముఖం వెలిగిపోయింది. రేవులో పడవవాళ్లందరికీ చెప్పాడట, "మా అమ్మాయి పుస్తకంలో పడుతుందండోయ్" అని.

కానీ అమ్మాయి కూర్చుంటేనా? నేను పెన్సిలు తీస్తే ఆ పెన్సిలుతో ఆడుకోవడానికి వచ్చేది. కాయితం పరిస్తే దాని మీదే పడుకుని దొర్లేది. వీపు గీత ఒకటి కుదిరే లోపు పిచ్చుక ఏదో కిచకిచమనేది, అంతే సంగతులు. బాబాయ్ నా ముందు నేరం చేసినవాడిలా నిలబడి, "చిన్నతనం అండి దానికి. రేపు కూర్చుంటుంది లెండి" అనేవాడు. తక్కిన జంతువుల అచ్చులన్నీ చెక్కడం అయిపోయింది, ఇదొక్కటే మిగిలింది.

ఆ ఏడు వరద కాస్త పైకే వచ్చింది. గట్టు కింద బొరియల్లోని ఎలుకలన్నీ ఊళ్లోకి ఎక్కాయి. మా సందుకు మేం పిలవని చుట్టాలు ఎక్కువయ్యారు. బుల్లెమ్మ ఒకదాన్ని పట్టుకుంటే, ఆ లోపల మరికొన్ని రోలరు దగ్గర విందు చేసుకునేవి. ఒక పొద్దున్న వచ్చి చూస్తే, రెండు రోలర్లూ పళ్లగాట్లతో చిల్లులు పడి ఉన్నాయి. దసరా దగ్గరపడుతోంది.

యజమాని గారికి ఒళ్లు మండింది. "ఈ పిల్లిని పెంచుతున్నది ఎందుకయ్యా? పంతులు గారికి ఎదురు రావడానికా?" అని అరిచి, ఎలుకలను చంపే పాషాణం తెప్పించారు. పాత రోలరు ముక్కలకే అది పూసి మూలమూలలా పెట్టాలని ఆయన ఆలోచన.

బాబాయ్ చేతిలో పని వదిలేసి వచ్చాడు. "బుల్లెమ్మ ముట్టుకుంటే ఏంటండీ గతి?" అన్నాడు. నేనూ కలగజేసుకున్నాను. యజమాని గారు కఠినుడేం కాదు. కూర్చుని అందరం మాట్లాడుకున్నాం. ఎలుకల బెడద తీరేదాకా బుల్లెమ్మను పాకలోనే కట్టేసి ఉంచాలి. చచ్చిన ఎలుకలను కూడా తినకూడదు గనక వాటిని దూరంగా పాతిపెట్టాలి. ముక్కలన్నీ తీసేశాకే పిల్లిని తీసుకురావాలి. పంతులు గారు సైతం, "పాపం మూగజీవి, జాగ్రత్త" అన్నారు. అంత బాగా ఆలోచించాం.

ఆ రోజుల్లో బుల్లెమ్మ పాకలో మొత్తుకున్న మొత్తుకోళ్లు రేవంతా వినిపించేవట. బాబాయ్ మధ్యాహ్నం అన్నం మూట పట్టుకుని పాకకు పరిగెత్తి, దానికి తినిపించి వచ్చేవాడు. "తాడు కట్టినందుకు నా మొహం చూడ్డం లేదండి. కోపం వచ్చేసింది దానికి" అని దిగులుపడేవాడు. ఎలుకలు ఒక్కొక్కటే తగ్గిపోయాయి. యజమాని గారు ముక్కలన్నీ తీసేయమని చెప్పారు. తీశారు. మూలమూలా కడిగారు. మర్నాడు పొద్దున్న బాబాయ్ బుల్లెమ్మను చంకనెత్తుకుని పెళ్లివారిలా వచ్చాడు. పంతులు గారు కూడా ఆరోజు వెనక్కి వెళ్లలేదు.

రోలర్లు పాడైపోయాయి కదా, ఆ పొద్దున్నే కొత్తవి పొయ్యాలి. బాబాయ్ వజ్రం కరిగించాడు, బెల్లం వేశాడు, మూలనున్న కుండలోంచి పాత ముక్కలు తీసి అందులో కలిపాడు. వేళ్ల మధ్య పాకం చూశాడు. గొట్టాల్లో పోశాడు. అడుగున మిగిలింది గోకి, చల్లార్చి, ఇన్ని రోజులు కట్టేసినందుకు క్షమించమన్నట్టు బుల్లెమ్మ ముందు పెట్టాడు. అది ఆవురావురుమని తినేసి, ఆయన వేళ్లు నాకింది.

కాసేపటికి అది పెరట్లోకి వెళ్లి కక్కి వచ్చింది. పిల్లులు కక్కుతూనే ఉంటాయి, ఎవరం పట్టించుకోలేదు. వచ్చి కిటికీ పక్కన కాయితాల బొత్తి మీద పడుకుంది. ముందుకాళ్లు చాపి, తల వాటి మీద ఆనించి, వీపు ఒక పక్కకు ఒంపు తిరిగి. కిటికీలోంచి వెలుగు దాని మీద పడుతోంది.

బాబాయ్ నా దగ్గరికి వచ్చి గుసగుసగా, "మేస్త్రిగారూ, ఇవాళ మీ అదృష్టం అండి. కదలట్లేదు. గీసేసుకోండి" అన్నాడు.

నేను గీశాను. పిల్లలూ, మీరు ఈ పనిలో ఉంటే ఎప్పుడో ఒకనాడు మీకూ అలాంటి రోజు వస్తుంది. చెయ్యి తనంతట తానే నడుస్తుంది, గీత ఎక్కడికి పోవాలో అక్కడికే పోతుంది. ఎన్నాళ్లుగానో అందని వీపు ఒంపు ఆరోజు ఒక్క ఊపులో వచ్చేసింది. చారలు, పంజాలు, తెగిన చెవి, అన్నీ కుదిరాయి. దాని డొక్క వేగంగా ఎగిసిపడుతోంది. అది ఎగిసినప్పుడు గీత చెడుతుంది గనక, ఊపిరికీ ఊపిరికీ మధ్య సందు చూసుకుని గీశాను. నోటి పక్కన కాయితం తడిసి ఉంది. మంచి కాయితం పాడైపోతోందే అనుకున్నాను. పిచ్చుక కిటికీ మీద వాలి అరిచింది. బుల్లెమ్మ కళ్లు తెరవలేదు. బుద్ధి వచ్చింది దీనికి అని సంతోషించాను.

మధ్యాహ్నం బాబాయ్ అన్నం మూట విప్పాడు. అది లేవలేదు. "అలిగింది" అన్నాడు బాబాయ్. చేపముక్క దాని మూతి దగ్గర పెట్టి, కదిపితే నా బొమ్మ చెడుతుందని మెల్లగా వెనక్కి వెళ్లిపోయాడు.

బొమ్మ పూర్తయి, అందరినీ పిలిచి చూపించాను. యజమాని గారు చాలాసేపు చూసి, "ఇక దొరసాని అక్కర్లేదు" అన్నారు. పంతులు గారు వంగి చూసి, "ఎంత హాయిగా పడుకుందయ్యా!" అన్నారు. అప్పుడు బాబాయ్ దాన్ని ఎత్తుకోవడానికి వెళ్లాడు. ఎత్తగానే దాని తల ఆయన మోచేతి మీంచి వేలాడిపోయింది.

"మేస్త్రిగారూ, చూడండి. ఇదేంటో చూడండి. మీకు తెలుసు కదండీ" అంటూ నా చేతుల్లో పెట్టాడు. వేపాకు రసం, మజ్జిగ, ఆముదం, నాకు తోచినవన్నీ చేశాను. ఏదీ లోపలికి పోలేదు. దీపాలు పెట్టే వేళకు నా ఒళ్లోనే పోయింది.

ఏం తిన్నది, ఏం తిన్నది అని అందరం ఒకరినొకరు అడుగుతుంటే, యజమాని గారికి ఏదో తట్టి, "మందు పెట్టిన ముక్కలు తీసి ఏం చేశారు?" అన్నారు.

మా అచ్చుకూటం ఊడ్చే ఆవిడ చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. "కుండలో వేశానండి. ఎప్పుడూ వేసినట్టే" అంది.

ఆమెకు విషం సంగతి ఎవరూ చెప్పలేదు. రోజూ చీకటితో ఒకసారి, దీపాల వేళ ఒకసారి వచ్చి ఊడ్చి వెళ్లే మనిషి, మేం కూర్చుని మాట్లాడుకున్నప్పుడు అక్కడ లేదు. ఎలుకల గురించి ఆలోచించాం, పిల్లి గురించి ఆలోచించాం, చచ్చిన ఎలుకలను ఎక్కడ పాతాలో కూడా ఆలోచించాం. ఆ ముక్కలను చేత్తో తీసే మనిషి గురించి మాత్రం ఒక్కరికీ తోచలేదు. ఆమె ఆ చేతులతోనే ఇంటికి వెళ్లి పిల్లలకు అన్నం కలిపి ఉంటే ఏమయ్యేదో తలచుకోవడానికి ఇప్పటికీ నాకు ధైర్యం చాలదు. ఆమె వెక్కివెక్కి ఏడ్చి, మర్నాటి నుంచి రావడం మానేసింది. బాబాయే వాళ్ల ఇంటికి వెళ్లి, "నీదేముందమ్మా ఇందులో? పోసింది నేను. గోకి పెట్టింది నేను" అని చెప్పి వెంటబెట్టుకుని తీసుకొచ్చాడు.

బుల్లెమ్మను రేవు పక్కన ఇసుకలో పాతిపెట్టి వచ్చాం. దారిలో నేను ఉండబట్టలేక, "బాబాయ్, పొద్దుణ్ణించీ దాన్నే చూస్తూ కూర్చున్నాను. నాకు తెలియలేదు" అన్నాను.

"నేనూ చూశానండి. పడుకుందనుకున్నాను" అన్నాడు బాబాయ్.

ఆయన చూడటం వేరు, నేను చూడటం వేరు. ఆయన తన పనిలో ఉండి, మధ్యమధ్య చూశాడు. నేను దాని ఒంటి మీద వెంట్రుక వెంట్రుకనూ చూశాను. ఊపిరి వేగం చూశాను, చొంగ చూశాను, పిచ్చుక అరిచినా లేవకపోవడం చూశాను. మేకకు, పావురానికి రోగం చెప్పేవాణ్ణి. ముందే తెలిసినా బతికించగలిగేవాణ్ణి కాదేమో, అది వేరే సంగతి. బొమ్మకు పనికొచ్చేదే కనిపించింది నాకు, తక్కినది కంటికి ఆనలేదు. ఆ బాధ ఇన్నేళ్లయినా అలాగే ఉంది. ఎవరైనా జబ్బు చేసిన జంతువును తీసుకొస్తే ఆ తర్వాత నేను, "నాకు తెలియదండి, పశువుల వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి" అనడం మొదలుపెట్టాను. నాకు గర్వం వచ్చిందని చెప్పుకున్నారు.

పుస్తకం సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. ఇన్‌స్పెక్టరు దొర వచ్చాడు, చూశాడు, ఒప్పుకున్నాడు. అన్ని బొమ్మల్లోకీ పిల్లి బొమ్మ బాగుందన్నాడట. అచ్చుకూటం నిలబడింది. యజమాని గారు బియ్యం వ్యాపారం మాట మళ్లీ ఎత్తలేదు. నిడదవోలు నుంచి ద్రాక్షారామం దాకా ఎన్నో బళ్లలో పిల్లలు ఆ పేజీ మీద వేలు పెట్టి చదివారు. నా పేరు నిలబెట్టింది ఆ బొమ్మే. దానికి నేను సంతోషించలేకపోయానంటే, మీరు నమ్మండి.

కానీ నాకు గుర్తున్నది దొర వచ్చిన రోజు కాదు, ఆ పేజీ అచ్చు వేసిన రోజు.

నేను ఆ బొమ్మను చెక్కను అని యజమాని గారికి చెప్పాను. సీమ పుస్తకంలోని దొరసానినే దించేస్తానన్నాను. ఆయన సరే అనలేదు, కాదనలేదు. "ముసలాయన్ని అడుగు. పిల్లి ఆయనది" అన్నారు. నాకు అడగడానికి నోరు రాలేదు. పుస్తకం చూపించాల్సిన గడువు మీద పడుతుంటే, చేతిలో ఉన్నది అదే గనక, చెక్కాను. చెక్క మీద బొమ్మను అద్దంలో కనిపించినట్టు తిరగేసి చెక్కాలి. అలా తిరగేసి చెక్కుతున్నంతసేపూ అది బుల్లెమ్మ కాదు, మరేదో పిల్లి అనుకుంటూ చెక్కాను.

ఆరోజు పంతులు గారు కూడా వచ్చి నిలబడ్డారు. అక్షరాలతో పాటు బొమ్మ చెక్కను బిగించారు. బాబాయ్ రోలరు తీసుకున్నాడు. ఆ పొద్దున్న పోసిన రోలరే అది. పారేసి కొత్తది పోద్దామని యజమాని గారు అంటే, "దొర వచ్చేస్తుంటే ఇప్పుడెక్కడ పోస్తామండీ? సిరాకేగా" అన్నాడు. దాన్నే సిరాలో దొర్లించి, అక్షరాల మీద పూసి, చివరికి బొమ్మ మీద పూశాడు. నేను కిటికీ వైపు చూస్తూ నిలబడ్డాను. కాయితం వేసి, బారు లాగి, కాయితం ఎత్తి వెలుగులో పట్టుకున్నాడు. తడి సిరాతో బుల్లెమ్మ నిగనిగలాడుతోంది. చెక్క మీద కుడివైపున్న తెగిన చెవి కాయితం మీద ఎడమకు వచ్చి కూర్చుంది.

"చెవి సరిగ్గా వచ్చిందండి" అన్నాడు బాబాయ్. తర్వాత బొమ్మ కింద ఉన్న అక్షరాల మీద వేలు పెట్టి, "ఇక్కడేం రాశారండీ?" అని అడిగాడు. ఆయనకు చదువు రాదు. బతుకంతా అక్షరాలను అచ్చు దించిన మనిషి.

పంతులు గారు నా వైపు చూశారు. నేను తల వంచుకున్నాను. ఆయనే వంగి చదివారు. "పిల్లి నిద్రపోవుచున్నది."

నేను ముందుకొచ్చి, "బాబాయ్, వద్దంటే ఇప్పుడే తీసేస్తాను. వేరే బొమ్మ పెడతాను. దొరకు మేం చెప్పుకుంటాం" అన్నాను. పంతులు గారు, "వాక్యమైనా మారుస్తాను, ఎంతసేపు?" అన్నారు.

బాబాయ్ ఆ కాయితాన్ని ఆరడానికి తీగ మీద వేశాడు. చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు.

"అలాగే ఉంచండి. పిల్లలు చదువుకునేది కదండీ" అన్నాడు.

అని రోలరు అందుకున్నాడు. ఆరోజంతా ఆ పేజీని ఆయనే లాగాడు. ఇంకొకరు వచ్చి సాయం పడతానన్నా ఇవ్వలేదు. ఆ తర్వాత నేను ఎన్నో పుస్తకాలకు ఎన్నో పిల్లులను చెక్కాను. గోడ మీద నడిచేవి, పాలు తాగేవి, దారపుండతో ఆడుకునేవి. మళ్లీ ఒక్కదానికీ కళ్లు మూయలేదు.